కేకెయ్యని కబురు

మా ఆయన నోరు తెరిచాడంటే ఊరవతల మేసే గొడ్లు కూడా తలెత్తి చూస్తాయి. గొప్పకి చెప్పడం లేదు, ఆ నోటితో కాపురం చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. సర్కారు ఆఫీసు కబుర్లను గంట కొట్టి ఊళ్ళో కేకేసి చెప్పడం ఆయన పని. అందరూ గంటన్న అంటారు. ఇంట్లోనూ అదే వరస. కూరలో ఉప్పు తగ్గితే చాలు, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టేవాడు. ఆ యావన్మందిని నేనొక్కదాన్నే.

ఆయనకు చదువు రాదు. నాకూ రాదు, మా ఊళ్ళో చాలామందికి రాదు. గుమాస్తా కాగితం రెండుసార్లు చదివేవాడు. ఈయన కళ్ళు మూసుకుని విని, పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. తర్వాత పిండిమర దగ్గర, బోరింగు దగ్గర, ఇటుకబట్టీ దగ్గర నిలబడి కేకేసేవాడు. కాగితంలో "అభ్యంతరాలున్నచో" అని ఉంటే, "మీకేదైనా పేచీ ఉంటే ఇప్పుడే వచ్చి పోట్లాడుకోండి, తర్వాత నెత్తీనోరూ కొట్టుకున్నా లాభం లేదు" అని చెప్పేవాడు. అలా చెబితేనే మా బుర్రలకు ఎక్కేది. పిల్లల టీకాలైనా, కాలవకు నీళ్ళు వదలడమైనా అంతే. గంట మోగితే పని ఉన్నట్టు, మోగకపోతే లేనట్టు.

కిందటేడు కొత్త అధికారి వచ్చాడు. రాగానే ఆఫీసు గోడకి అద్దాల బోర్డు పెట్టించాడు. "ఇక నుంచి అన్నీ ఇందులో అంటిస్తాం, ఫోన్లలో కూడా వస్తాయి. నువ్వు ఇంటిదగ్గర విశ్రాంతి తీసుకో" అని ఈయన్ని పంపేశాడు. విశ్రాంతి ఎవరడిగారు? మా ఇళ్ళలో ఫోనంటే ఎత్తి హలో అనడానికే. అందులో అక్షరాలు వస్తే అవి చీమల బారులే మాకు.

అంతకంటే ఒళ్ళు మండే సంగతి ఇంకొకటి. పని పోయిందన్న మాట ఈయన నాకు తప్ప ఒక్కరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. పరువట! పొద్దున్నే చొక్కా తొడుక్కుని వెళ్ళి ఆఫీసు అరుగు మీద కూర్చుని వచ్చేవాడు. దారిలో ఎవరైనా "ఏం గంటన్నా, కబుర్లేమైనా ఉన్నాయా?" అంటే, "ఏమీ లేవు" అనేవాడు.

"కనీసం నీ పని పోయిందన్న కబురైనా కేకెయ్యవయ్యా!" అని మొత్తుకునేదాన్ని.

"రేపోమాపో మళ్ళీ పిలుస్తార్లేవే" అనేవాడు. ఈ మనిషికి చెప్పేకంటే గోడకు చెప్పుకున్నా నయం.

మా ఆడపడుచుకి ఏటిగట్టు కింద చిన్న చేను ఉంది. మొగుడు పోయాక ఆమెకున్న దిక్కల్లా అదే. దాని పక్కనే గుడిసె వేసుకుని, ఒంటిచేత్తో దున్ని, విత్తి, కోసుకుంటుంది. ఒకరోజు రొప్పుకుంటూ మా ఇంటికి వచ్చింది.

"అన్నయ్యా, నా చేలో ఎవరో రాయి పాతారు. ఎర్రరంగుతో ఏదో రాసి ఉంది. కాస్త కనుక్కో."

ముగ్గురం ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా తాపీగా పుస్తకం తిరగేశాడు.

"పొలాలన్నీ మళ్ళీ కొలిచారు కదమ్మా. ఆ రోజు ఎవరి చేలో వాళ్ళు నిలబడి, ఇది నాదని చెప్పుకోవాలి. నీ చేనుకి ఎవరూ రాలేదని రాసుకున్నారు. ఎవరూ రాని భూమి సర్కారుది. రాయి మీద రాసింది అదే."

ఆడపడుచు వాళ్ళన్నయ్య వైపు తిరిగింది. మా ఆయనే అడిగాడు. "పేచీ పెట్టుకోడానికి గడువు ఇస్తారు కదా బాబూ?"

"ఇచ్చారు, అయిపోయింది. ఇక కోర్టుకి పోవాల్సిందే. అంతా బోర్డులో పెట్టాం, చూసుకోవద్దూ?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రోజూ చూస్తూనే ఉన్నాం బాబూ! అద్దం తళతళా మెరుస్తోంది. అందులో ఏముందో చెప్పే నోటిని మీరే కదా ఇంటికి తరిమారు!"

"మీకు చదువు రాకపోతే నా తప్పా?"

"తప్పని ఎవరన్నారు? చదివి చెప్పమంటున్నాం."

"అది నా పని కాదమ్మా."

"మరి ఎవరి పని?"

అతను ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ ఫోను లాక్కుని అద్దాల బోర్డుకేసి కొట్టాలనిపించింది. కొట్టి ఏం లాభం?

బయటికి రాగానే మా ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. నేను ఆయన్నీ వదల్లేదు. "నీ పరువు చల్లగుండ! ఏమీ లేవు, ఏమీ లేవు అని ఊరందరికీ చెప్పావు. ఇప్పుడు తోడబుట్టినదానికి కూడా ఏమీ లేకుండా చేశావు!" అని కడిగేశాను.

ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకో వదినా. కొలిచినవాళ్ళని నేను చూశాను. గొలుసు పట్టుకుని నా చేలోనే అటూ ఇటూ తిరిగారు. పాపం, ఎండన పడి వచ్చారని నేనే బిందె పట్టుకెళ్ళి మంచినీళ్ళు పోశాను. కడుపునిండా తాగారు. కూలిమనిషిననుకున్నారేమో, ఈ చేను ఎవరిదని నన్ను అడగలేదు."

"వాళ్ళు అడక్కపోతే పోయె. నా చేలో మీకేం పనని నువ్వైనా అడగొద్దుటే?" అన్నాను.

"నోటిదాకా వచ్చింది వదినా. ఏదైనా ఉంటే అన్నయ్య కేకేసేవాడు కదా అని ఊరుకున్నాను."