చంపక తప్పని కాయ

పెద్దపల్లి చెల్లె, నీ మోకాలు ఎట్లుంది? కోడలా, నీ దగ్గు తగ్గిందా? ఇది చదువుతున్న మిగతా అందరూ బాగున్నారు కదా?

ఈ రోజు మా పక్కింటి మహబూబ్‌బీతో అష్టాచెమ్మ ఆడాను. శుక్రవారం ఆమెకు కంటి ఆపరేషన్. ఎదుటివాళ్ల కాయను చంపితేనే మన కాయ లోపలి గడుల్లోకి పోతుంది. నాకు గవ్వలు సరిగ్గానే పడ్డాయి. కానీ ఆపరేషన్ ముందు ఆమె కాయను చంపడమెందుకని, ప్రతిసారీ నాది వేరే కాయ జరిపాను.

ఆమెకు కోపం వచ్చింది. "ఏందక్కా గీ ఆట? ఆపరేషన్ కంటికి, పానానికి గాదు. ఫికర్ వెట్టుకోకు, సంపు!"

భయపడుతూనే చంపాను. ఆమె నవ్వుతూ ఆ కాయను మళ్లీ పటంలో తన ఇంటి గడిలో పెట్టుకుంది. "సచ్చిన కాయ మల్ల లేస్తది. ఐతారం రా, నీది సంపుత."

మీరైతే చంపేవారా? నేనైతే ఆదివారం పొద్దున్నే పోతున్నాను.