మోగే బాడిశ కోసం

మా చిన్నప్పుడు... కర్నూలు పాత ఇనుప అంగళ్ళ ముందు నాయన తువ్వాలు చివర పట్టుకుని నిలబడేదాన్ని. తప్పిపోతానన్న భయంతో పట్టుకున్నాననుకునేవాళ్ళు జనం. నేను పట్టుకున్నది అందుకు కాదు...

మాది ఓర్వకల్లు దగ్గర పల్లె. నాయన వడ్రంగి. నలుగురు పిల్లల్లో నేనే పెద్దదాన్ని.

కొత్త పనిముట్లు నాయనకు నచ్చేవి కాదు. మన కమ్మర్లు కొలిమిలో కాల్చి సాగగొట్టిన పాత సామానే వెతికేవాడు. "ముప్పై ఏండ్లు పని చేసి ఈడికొచ్చిందంటే, ఇంకో ముప్పై ఏండ్లు చేస్తాది పాపా" అనేవాడు.

పాత ఇనుముకు మా ఇంట్లో పరీక్ష ఒకటే. కొయ్య చెక్కే బాడిశ ఉంటుంది చూడండి... పిడి తీసేసి, అది దూరే కన్నులోంచి దారం పోసి, వేలాడదీసి, మేకుతో తట్టాలి. మంచిదైతే ఖంగుమని మోగి, ఆ మోత సన్నగా సాగుతుంది. ఎక్కడైనా పగులుంటే, బీట పడిన కుండ తట్టినట్టు చప్పగా ఆగిపోతుంది.

చిక్కేమిటంటే... ఆ సన్నని మోత నాయనకు వినబడేది కాదు. ఏండ్ల తరబడి సుత్తి దెబ్బల మధ్య ఉన్నందుకో ఏమో. మాట్లాడితే వినేవాడు, అంతే. ఈ సంగతి అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే అంగట్లో పగుళ్ళ సరుకు అంటగడతారని, ఊళ్ళో చులకనవుతానని ఆయన భయం.

అందుకే తువ్వాలు. మోత బాగుంటే నేను ఊరికే ఉండాలి. తేడాగా ఉంటే ఒకసారి లాగాలి. నాయన మాత్రం తల వంచి, కళ్ళు మూసుకుని, తానే వింటున్నట్టు నిలబడేవాడు.

ఒక ఏడాది... వానలు ఇంకో వారంలో పడతాయనగా నాయన బాడిశ విరిగింది. వాకిట్లో చూస్తే విత్తనం వేసే గొర్రులు ఏడెనిమిది బాగుకోసం పడి ఉన్నాయి. అవి లేకపోతే రైతుకు అదను పోతుంది, నాయనకు మాట పోతుంది.

కర్నూలు బస్సులో దారి పొడవునా "ఓబులేశా, నా చెవి తప్పు చెప్పకుండా చూడు సామీ" అనుకుంటూనే ఉన్నాను. పదేండ్లుంటాయి నాకు.

అంగడి సాబు ఒక బాడిశ తీశాడు. తళతళ మెరుస్తోంది. "దొరల సీమ సరుకు ఆచారీ! ఇట్లాంటిది జిల్లాలోనే ల్యా!" అన్నాడు.

నాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. ముఖం వెలిగింది. దారం కట్టి తట్టాడు.

మోత సగంలో తెగింది.

తువ్వాలు లాగాను. నాయన కదల్లేదు. ఆ మెరుపు మీద మనసు పడినట్టుంది... మళ్ళీ తట్టాడు. మళ్ళీ లాగాను. ఈసారి గట్టిగా లాగేసరికి తువ్వాలు ఆయన భుజం మీంచి జారి నా చేతిలోకి వచ్చేసింది.

సాబు నన్ను చూశాడు, నాయనను చూశాడు, పకపకా నవ్వాడు. "ఏమప్పా ఆచారీ! వినేది నువ్వా, నీ బిడ్డా? నీ చెవులు యాడ పెట్టొచ్చినావు?"

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేండ్లు దాచిన సంగతి నా చేతుల మీదుగా బయటపడింది...

నాయన నా తల మీద చెయ్యి వేశాడు.

"నాకు సన్న మోత వినపడదు సాబూ. నా చెవులు నా బిడ్డే. ఇంతమంది ఉండారు గదా ఈడ... ఇది పగిలిందని ఆ పాప తప్ప ఎవురన్నా చెప్పినారాప్పా?"

సాబు బాడిశ కన్ను లోపల గోటితో గీకాడు. మైనం ఊడి వచ్చింది. దాని కింద వెంట్రుకంత పగులు.

"అరె... నాకు అమ్మినోడు నన్నే ముంచినాడే!" అంటూ తల పట్టుకున్నాడు.

కాసేపటికి లోపలికి పోయి, పెట్టె అడుగు నుంచి ఇంకోటి తెచ్చాడు. నల్లగా, మొరటుగా ఉంది. కన్ను కింద చిన్న త్రిశూలం గుర్తు. "మన పక్క కమ్మరి చేసింది. మా అబ్బా కాలం నుంచి ఈడనే ఉండాది, ఎవురికీ ఇయ్యలా. ఏమ్మా, ఇది ఏమంటాదో చూడు" అని నాయనకు కాదు, నా చేతికిచ్చాడు.

తట్టాను... దేవుడి గంటలా మోగింది. ఆ మోత ఎంతసేపటికీ ఆగలేదు. నాయన నా ముఖమే చూస్తున్నాడు. "చాల్లే" అన్నాడు.

ఆ బాడిశతోనే వాన పడేలోపు గొర్రులన్నీ బాగై వాకిలి దాటాయి. ఇక నాయన దాచుకోవడం మానేశాడు. "నాకు చెవుడే. అయితే ఏమి? మా పెద్దపాపకు శానా బాగ వినపడతాది" అని తానే ఊరంతా చెప్పుకున్నాడు.

తమ్ముడిప్పుడు కల్లూరులో తలుపులు, కిటికీలు చేస్తాడు. మిషన్లు ఉన్నా, చేతి పనికి పాత సామానే కావాలంటాడు. పోయిన ఆదివారం ఇద్దరం అంగళ్ళన్నీ తిరిగితే ఒక్క పాత బాడిశ కనబడింది. దారం కట్టి తడుతుంటే అంగడాయన నవ్వాడు. "ఏమ్మా, పూజ చేస్తాండావా?"

"మా అక్క చెవితో చూస్తాండాదప్పా. రోంతసేపు గమ్మునుండు" అన్నాడు తమ్ముడు. అచ్చం నాయన గొంతే...

మోగింది. తెచ్చుకున్నాం.

త్రిశూలం గుర్తున్న నాయన బాడిశ మా దేవుడి గూట్లో ఉంది. ఆయుధపూజ నాడు పసుపు, కుంకుమ పెట్టేముందు ఒకసారి తడతాను.

ఈ కాలం పనిముట్లు అట్టకు అతికించి, ప్లాస్టిక్ కవరు వేసి అమ్ముతున్నారు... తట్టి చూడటానికే లేదు.

మీ అటకల మీద మన కమ్మర్లు చేసిన సామాను ఏదైనా ఉందా? తూకానికి వేసేముందు ఒక్కసారి దారానికి కట్టి తట్టండి. ఎట్లా మోగిందో ఈడ రాయండి...

నేను వింటాను.