తిమ్మప్ప సార్ చివరి డబుల్

నిన్న సాయంత్రం ఆరింటికి వనపర్తి నుంచి సార్ కూతురు ఫోన్ చేసింది.

"నాన్న లేడు" అంది. అంతే.

నేను "సరే అక్కా" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు.

సార్ తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. తిమ్మప్ప సార్ ఇరిగేషన్‌లో పనిచేసి రిటైర్ అయ్యారు. ప్రాజెక్టు క్వార్టర్స్‌లో ఇంజనీర్లతో కూర్చుని బ్రిడ్జ్ నేర్చుకున్నారు. గద్వాలలో మా ఇంటి మేడ మీద ఆరేళ్లు అద్దెకున్నారు. కింద నాన్న మగ్గం, పైన సార్ పేకలు.

ఎవరితోనూ మాట్లాడని నన్ను చూసి ఒకరోజు అన్నారు. "నోరు ఇప్పకుండ ఆడే ఆట ఒకటుంది. నేర్చుకుంటవా బిడ్డా?"

వనపర్తికి మారాక కూడా రోజూ నాలుగింటికి ఆన్‌లైన్‌లో మేమిద్దరం ఒక జట్టు.

బ్రిడ్జ్‌లో ఇద్దరు ఇద్దరితో ఆడతారు. ముక్కలు వేసేముందు వేలంపాట లాంటి బిడ్డింగ్ ఉంటుంది. అవతలివాళ్లు పాడాక మనం "డబుల్" అనవచ్చు. ఒక్కోసారి అది వాళ్లకు చెప్పడం: మీరు ఓడతారు, జరిమానా రెట్టింపు. ఒక్కోసారి పార్ట్‌నర్‌కు చెప్పడం: నా దగ్గర బలముంది, రంగు నువ్వు ఎంచు.

ఏదని పార్ట్‌నర్‌ను అడగకూడదు. అంతవరకు నడిచిన బిడ్డింగ్‌ను బట్టే తెలుసుకోవాలి. మొహం చూడకూడదు. ఎంతసేపు ఆలోచించారో కూడా లెక్కలోకి తీసుకోకూడదు. తీసుకుంటే దొంగాట.

ఇది నాకు కర్నూలులో తెలిసింది. నా మొదటి టోర్నమెంట్. నేను డైమండ్స్ పాడాను, అవతలి ఆయన స్పేడ్స్ అన్నారు, సార్ డబుల్ అన్నారు. తన దగ్గర హార్ట్స్ ఉన్నాయని చెప్పడం అది. మా ఒప్పందం అదే.

"ఆ డబుల్‌కు అర్థమేంటమ్మా?" అని అవతలి ఆయన నన్ను అడిగారు. వాళ్లు అడగవచ్చు. చెప్పాల్సింది నేనే.

భయంలో ఒప్పందం మరిచిపోయాను. సార్ మొహం చూశాను. కోపంగా కనిపించింది. "జరిమానా" అనేసి పాస్ చేశాను. వాళ్లు హాయిగా గెలిచారు. సార్ నా మాట విననట్టే చివరి ముక్క దాకా ఆడి, ఆట అయ్యాక వాళ్లకు మా అసలు ఒప్పందమేమిటో చెప్పారు.

తిరుగు బస్సులో అడిగారు. "నా మొఖం ఎందుకు సూసినవ్?"

"కోపం వచ్చిందేమో అనుకున్నాను సార్."

"కోపం కాదు, పొద్దుగాల తిన్న మిర్చి బజ్జీలు. నా కడుపుల మంటకు, డబుల్‌కు ఏం సంబంధం? బిడ్డింగ్ సూడు. నన్ను సూడకు."

ఆ రోజు నుంచి చూడలేదు.

నిన్న నేను హార్ట్స్‌తో మొదలుపెట్టాను. అవతలివాళ్లు స్పేడ్స్ పాడారు. సార్ వంతు. మామూలుగా ఆయనకు నాలుగు సెకన్లు చాలు. నిన్న రెండు నిమిషాలు పట్టింది. తర్వాత డబుల్ వచ్చింది.

నాకు భయమేసింది. ఇంత ఆలస్యం ఎందుకు?

వెంటనే నన్ను నేను తిట్టుకున్నాను. ఆలస్యాన్ని చదవకూడదు. బిడ్డింగ్ చూశాను. రంగు ఎంచమని అర్థం. క్లబ్స్ పాడాను.

మళ్లీ సార్ వంతు వచ్చింది.

ఏమీ రాలేదు.

అవతలివాళ్లు చాట్‌లో ఒక ప్రశ్నార్థకం పెట్టారు. "నా పార్ట్‌నర్ ఆలోచిస్తున్నారు, కాస్త ఆగండి" అని రాశాను. ముక్కూమొహం తెలియనివాళ్లకు నా అంతట నేను ఏదైనా చెప్పడమే అరుదు.

ఫోన్ చేతిలోనే ఉంది. బిడ్డింగ్ మధ్యలో పార్ట్‌నర్‌కు ఫోన్ చేస్తే ఎవరైనా ఏమనుకుంటారు? సారే ఏమంటారు?

పదకొండు నిమిషాలు అలాగే కూర్చున్నాను. తర్వాత టేబుల్ దానంతటదే మూసుకుపోయింది. అప్పుడు చేశాను. ఎత్తలేదు.

ఈ పొద్దున వనపర్తి బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆ పదకొండు నిమిషాల సంగతి చెప్పాలా, వద్దా. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. చెప్పకూడదనే అనుకుని దిగాను.

సార్ భార్య ఈశ్వరమ్మ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకున్నారు. "ఆయన పోయినప్పుడు ఆట నడుస్తుండెనా బిడ్డా?"

అబద్ధం రాలేదు. అంతా చెప్పాను. రెండు నిమిషాలు, పదకొండు నిమిషాలు, ఆగమని రాయడం, అన్నీ. గదిలో ఉన్నవాళ్లందరూ విన్నారు. నా చెయ్యి వదిలేస్తారని ఎదురుచూశాను.

వదల్లేదు.

"నేను పక్క అర్రల గోంగూర తెంపుతున్న" అన్నారు. "లోపల సప్పుడు లేదు. ఆట మంచిగ కుదిరినట్టుంది అనుకున్న. ఆటల కూసున్నప్పుడు పిలిస్తే కస్సుమంటుండె. నలభై ఏండ్ల సంది పిల్వలే. నిన్న గూడ పిల్వలే."

తర్వాత మెల్లగా, "నువ్వు గద్వాలల ఉన్నవ్. నేను తలుపు ఇవతల ఉన్న."

లేచేటప్పుడు ఇంకొక మాట అన్నారు. "మీ ఆట ఆడెటోళ్లకు చెప్పు. సప్పుడు లేకపోతే పిల్వమను. ఆట పోతే పోనీ."

ముందే ఫోన్ చేసి ఉంటే సార్ బతికేవారా? నేను అడగలేదు. అడగడానికి భయం. రేపు నాలుగు ఎలా అవుతుందో తలచుకుంటే భయం. ఈ పోస్ట్ పెట్టడానికీ భయంగానే ఉంది.

కానీ ఆమె చెప్పమన్నారు. నాతో ఆడేవాళ్లు చాలామంది మీలోనే ఉన్నారు. అవతల పార్ట్‌నర్ మరీ ఆగిపోతే ఫోన్ చేయండి. దొంగాట అంటే అననివ్వండి. నాకు చేసినా సరే, నేను ఎత్తుతాను.

వెళ్లిరండి సార్. ఏ నొప్పీ లేకుండా, ఎవరూ తొందరపెట్టకుండా, నెమ్మదిగా పడుకోండి.