ఊపిరాడని మిరప నారు

మట్మారి దగ్గర మాకు మిరప నారు పెంచే నర్సరీ ఉంది. మొన్నటేడు ట్రేలలో తడి ఉండగానే నారు వాడిపోసాగింది.

"ఎండకు గిట్ల అయితుంది, ఇంకిన్ని నీళ్లు పొయ్యి" అన్నాడు మా ఆయన.

నాకు అనుమానమొచ్చింది. అడుగు రంధ్రాలు మూసిన కుండీలో ట్రేలకు వాడిన కొబ్బరిపొట్టే నింపి, బాగా నీళ్లు పట్టించి, రంధ్రాలు తెరిచాను. ఎన్ని నీళ్లు కారితే లోపల గాలికి అంత చోటున్నట్టు. నాలుగు చుక్కలే కారాయి.

"వేర్లకు గాలాడక కుళ్లినయి" అన్నాను.

అంతలో నారు కోసం పక్క ఊరి శరణమ్మక్క ట్రాక్టరుతో వచ్చింది. "చేను తయారుంది, వాన గూడ పడ్డది. నారేది తమ్మీ?"

ఆయన ఒక మొక్క పీకి, నల్లబడిన వేరు చూపించాడు. ఆమె కొంగుతో మొహం కప్పుకుని అక్కడే కూలబడింది.

ఎంత వెతికినా ఆమెకు వేరే నారు దొరకలేదు. ఆ ఏడు బీడుపడ్డ ఆమె చేను ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.