రూతక్క చేపల తొట్టికి ఇసుక

పగలు మా పిల్లల్ని చూసుకునే రూతక్క, అన్నం తినిపించేటప్పుడు వాళ్ళకు ఫోన్ చూపిస్తోందన్న సంగతి జీవన్ వల్ల బయటపడింది. ఇంట్లో వాళ్ళమ్మ త్రిపురసుందరి ముద్ద నోటి దగ్గర పెడితే, మూడేళ్ళ జీవన్ వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి ముందు పెట్టి, ఫోన్ దానికి ఆనించమని ఏడ్చాడట.

ఆ మర్నాడు సాయంత్రం నాచారంలో రూతక్క గుమ్మం ముందు గొడవ.

"నమ్మి ఇడిసిపెడితే గిదా అక్కా నువ్వు జేసేది? ఫోన్ సూపెట్టి తినవెట్టుడు నాకు రాదా?" అంది త్రిపురసుందరి.

రూతక్క కొంగుతో జీవన్ ముక్కు తుడుస్తూ నిలబడింది.

"శనివారం పగటీలి అన్నం యాళ్లకు వస్త, సూస్త. గిట్లనే ఉంటే ఆ కొత్త స్కూల్ల ఏసేస్త."

కొత్త ప్లేస్కూలు గోడ మీది ఏనుగుల బొమ్మలు రూతక్క గుమ్మంలోంచే కనిపిస్తాయి. ఇద్దరు పిల్లలు అప్పటికే అక్కడికి వెళ్ళిపోయారు. మిగిలింది మా దీప, జీవన్, ఇంకో పాప. జీవన్ కూడా వెళ్తే రూతక్క ఈ పని మానేసి మళ్ళీ కూలి కోసం ఫ్యాక్టరీల గేట్ల ముందు నిలబడాల్సిందే.

అప్పుడు దీపను ఎక్కడ వదలాలి? నాది హబ్సిగూడలో ల్యాబ్ ఉద్యోగం. దీప బరువు డాక్టరు చార్టులో ఎప్పుడూ అట్టడుగు గీత మీదే ఉంటుంది. ఆ గీత అర్థమయ్యేంత చదువు ఉండటం వల్ల నాకు నిద్ర తక్కువ. నా చేతి ముద్ద దీప ఉమ్మేస్తుంది. రూతక్క చేతిదైతే తింటుంది.

రూతక్కది ఘన్‌పూర్ వైపు పల్లె. పెళ్ళయి నాచారం వచ్చిన కొత్తలోనే బిస్కెట్ల ప్యాకింగులో చేరింది, ఆ యూనిట్ మూతపడేదాకా చేసింది. ఇప్పటికీ ముద్దలన్నీ ఒకే కొలతలో చేసి కంచం అంచున బిస్కెట్లలా వరసగా పేరుస్తుంది. పిల్లల నడినెత్తి వాసన చూసి, "జరం వస్తట్టుంది, రేపు తోలియకు దీప మమ్మీ" అని చెబుతుంది. ఒక్కోసారి ఆ మాట తప్పు కూడా అవుతుంది. ముద్ద పెట్టే ముందు ప్రతి పిల్ల తరఫునా కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంది. ఆలోగా ఎవరో ఒకరు కంచం తలకిందులు చేస్తారు.

ఫోన్ బదులు చేపలు చూపిద్దామన్న ఆలోచన ఆమెదే. భర్త నతానియేలు ట్రాలీ ఆటో నడుపుతాడు. నాగోల్‌లో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ సామాను మార్చినప్పుడు వాళ్ళు వద్దన్న గాజు తొట్టి ఇంటికి తెచ్చి పెట్టాడు. అందులో రూతక్క నీళ్ళు పోసి మూడు గప్పీ చేపలు వేసింది. అవి బెదిరి ఒక మూల నిలబడిపోయాయి. పిల్లలు ఒకసారి చూసి, మళ్ళీ ఫోన్ కోసం ఏడుపు మొదలుపెట్టారు.

"దాక్కునే జాగ లేకపాయె. మనల్ని నడిరోడ్డు మీద నిలవెడితే ఉరుకుతమా, ఆడుకుంటమా?" అంది రూతక్క.

అంటే మొక్కలు కావాలి. మొక్కలు నిలబడాలంటే ఇసుక కావాలి. ఉప్పల్‌లో పెంపుడు చేపల దుకాణంవాడు నీటి గడ్డి కట్ట చవగ్గానే ఇచ్చాడు కానీ, దాని వేళ్ళకని చూపించిన నల్లమట్టి సంచుల ధర విని రూతక్క నా వైపు చూసింది. నేను కొంటానన్నాను. "వద్దు. ఇయ్యాల నువ్వు కొంటవు, రేపు ఇంకేందో కావాలంటది గా తొట్టి" అని నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

రూతక్క ఇంటికి ఎదురుగా కడుతున్న అపార్ట్‌మెంట్ ముందు రోబో శాండ్ కుప్ప ఉంది. ఇప్పుడు ఏటి ఇసుక ఎవరికి దొరుకుతుంది? రాళ్ళు పిండిచేసిన ఆ ఇసుకే అందరికీ గతి. వాచ్‌మన్‌ను అడిగి ఒక బకెట్ తెచ్చింది. కడిగినకొద్దీ పాలలా తెల్లటి నీళ్ళే. ఎండలకు బోరు సగం ఎండిపోయింది. ఇంటి ఓనరు సీతారామయ్య మేడ మీంచి అరిచాడు: "తాగనీకి నీళ్ళు లేవంటె ఇసుకకు తానాలు పోస్తున్నవా రూతమ్మా?"

ఆమె కడగడం ఆపేసి బకెట్‌తో లోపలికి వచ్చింది. కడిగింది చాలనుకుని ఆ ఇసుకను తొట్టిలో వేసింది. చేపలు మాయమయ్యాయి, అంతా మజ్జిగ. దీప గాజుకు ముఖం ఆనించి "శాప పోయింది" అని ఏడ్చింది, ముద్ద ముట్టలేదు. శుక్రవారం మూడో పాపను కూడా వాళ్ళ నాన్న కొత్త స్కూలుకు మార్చేశాడు. ఆ పాప చెప్పులు ఉండే చోటును రూతక్క చీపురుతో ఊడ్చింది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది.

చేపల దుకాణంలో నమూనాకని అడిగి తెచ్చిన పాలరాతి ఇసుక నా సంచిలో ఉంది. తెల్లగా, శుభ్రంగా, చవగ్గా ఉంది. తీసి చూపిస్తే రూతక్క మొహం వెలిగింది. పరీక్షకని దాని మీద నిమ్మకాయ పిండాను. నురగ వచ్చింది.

"సోడ లెక్క పొంగుతుందేంది?"

"సున్నపు రాయి అక్కా. నీళ్ళలో కొంచెం కొంచెంగ కరుగుతది. మన బోరు నీళ్ళే కటువు, దీంతోని ఇంకా కటువైతయ్, గడ్డి సరిగ బతకదు."

"అయితే రేపు జీవన్ మమ్మీకి ఉత్త నీళ్ళు సూపెడత" అని ఆ నిమ్మచెక్కను విసిరికొట్టింది. రూతక్కకు కోపం రావడం నేను అప్పుడే చూశాను. ఇద్దరం తాగే నీళ్ళకని క్యాను పట్టుకుని వాటర్ ప్లాంట్‌కు నడిచాం.

ప్లాంట్ నడిపే వెంకటయ్య ఆ రోజు ఫిల్టర్ డ్రమ్ము విప్పి కూర్చున్నాడు. పక్కన ఇసుక రాశి పోసి ఉంది. రూతక్క క్యాను కింద పెట్టేసింది.

"మామా, గిదేం జేస్తవ్?"

"కొత్తది పోస్తున్న. గిది పారేసుడే."

"నాకియ్యవా? శాపల తొట్టికి."

"నా ఫిల్టర్ల ఇసుక శాపలకు పరుపా? కొంపోవమ్మా. నాకు మోత తప్పుతది."

నేను గుప్పెడు తీసుకుని చూశాను. పలుగురాతి రేణువులు, ఒకే సైజువి, కాస్త గోధుమరంగు పట్టాయి. ప్లాంట్ మిషను రోజూ నీళ్ళు ఎదురు తోలి కడిగిన ఇసుక కాబట్టి పొడి మిగిలి ఉండదు. అయినా నా భయం నాది. ఇంటికి తెచ్చాక నిమ్మరసం పోశాను, పొంగలేదు. గ్లాసు నీళ్ళలో కలిపితే ఇసుక వెంటనే అడుగుకు దిగింది, పైన నీళ్ళు తేటగా నిలిచాయి. కాగిన నీళ్ళతో ఒకసారి, చల్లనీళ్ళతో ఒకసారి కడిగితే సరిపోయింది. మేడ మీంచి అరుపు రాలేదు. రోబో శాండ్ తీసేసి, ఇది రెండు వేళ్ళ ఎత్తు పరిచి, నీటి గడ్డి గుచ్చాం.

శనివారం సెలవు పెట్టాను. త్రిపురసుందరి అన్నం వేళకు వచ్చి, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడింది. రూతక్క చేతిలో ముద్దలు ఒక కొలతలో రావడం లేదు. తొట్టిలో పచ్చటి గడ్డి తప్ప ఏమీ కనబడటం లేదు. చచ్చిపోయాయేమో అనుకున్నాను. కొత్త తొట్టిలో చేపల వ్యర్థం విషమై చేపలు చచ్చిపోవచ్చని నాకు తెలుసు.

"శాపేదిరా?" అని రూతక్క అడిగింది, ఆమె గొంతులోనూ అదే భయం.

జీవన్ ముందుకు వంగి వెతుకుతున్నాడు. గడ్డి కదిలింది. ఎర్ర తోక ఒకటి కనిపించి మళ్ళీ లోపలికి పోయింది. "అదిగో!" అని వాడి నోరు తెరుచుకుంది. ముద్ద లోపలికి వెళ్ళింది. దీప కూడా మోకాళ్ళ మీద లేచింది. మళ్ళీ తోక, మళ్ళీ నోరు. రూతక్క ఎక్కడా ఆగలేదు, ప్రార్థన చేయడం కూడా మరిచిపోయింది.

కంచాలు ఖాళీ అయ్యాయి. త్రిపురసుందరి చెప్పులు విడిచి లోపలికి వచ్చి, తొట్టి ముందు కూర్చుంది. రూతక్క ఎంగిలి చేతితో అలాగే ఉండిపోయింది.

"సోమవారం జర జల్ది తోలుకొస్త అక్కా, మెట్రో దొరుకుత లేదు" అంది త్రిపురసుందరి. తర్వాత గొంతు తగ్గించి, "రాత్రి అన్నంకాడ ఇంట్ల నేనేం సూపెట్టాలె? నేను గూడ గిసొంటి తొట్టి పెడత, గా అడుగుల ఇసుక ఏమన్న మిగిలిందా?" అని అడిగింది.

రూతక్క లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా, మిగిలిన ఇసుక ఉన్న గోనెసంచి కోసం వెనక్కి వెళ్ళింది.