మావి కావు

ఎక్కడ తేనెటీగల గుంపు వాలిందని విన్నా మా తాళాల బాబాయి దుకాణం వదిలేసి పరిగెత్తుతాడు. తాళం సగం విప్పి బల్ల మీద ఉన్నా, ఎదురుగా మనిషి నిలబడి ఉన్నా సరే. వెళ్ళి, మెడ రిక్కించి కాసేపు చూసి తిరిగి వస్తాడు. వీధిలో వాళ్ళు ఆయనకు పిచ్చి ముదిరిందని నవ్వుకుంటారు. నాకు నవ్వు రాదు.

బాబాయిది మనసు వెన్న, నోరు ఆకురాయి. ఇంటి కింది గదే దుకాణం. గోడ నిండా మేకులకు తాళంచెవులు, నేలంతా ఇత్తడి పొడి. చెవి పోగొట్టుకుని వచ్చినవాళ్ళను ముందు కడుపారా తిట్టి, ఆ తరువాతే తాళం తీసి ఇస్తాడు. ఇక తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది చూపించినా ఒప్పుకోడు.

తేనెటీగలు ఆయనవి కావు, మా పిన్నివి. మేడ మీద మూడు పెట్టెలు పెట్టి ఏళ్ళ తరబడి పెంచింది. రెండింటిలోవి ముక్కుమీద కోపం ఉన్న జాతి. మూత కదిపితే చాలు, మీద పడతాయి. మూడోదానిలోవి పిన్ని వేళ్ళ సందుల్లోంచి తాపీగా నడుచుకుంటూ పోయేవి. ఆ మెత్తదనమంతా వాటి తల్లిది, అంటే ఆ పెట్టెలోని రాణిది. గుంపులో పోల్చుకోవడానికి పిన్ని దాని వీపు మీద తన గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెట్టుకుంది. ఆ ఏటి వసంతంలో ఆ రాణి కూతుళ్ళను కొత్త రాణులుగా పెంచి మిగతా రెండు పెట్టెలకూ చెరొకటి ఇవ్వాలని ఆమె ఆశ. చలికాలమంతా ఇంట్లో అదే మాట.

“పెళ్ళికెదిగిన పిల్లల తల్లి కూడా ఇంత హడావుడి పడదు” అని బాబాయి ఏడిపించేవాడు.

తీరా వసంతం వచ్చేసరికి పిన్నికి కడుపులో రాళ్ళని ఆపరేషన్ చేశారు. కుట్లు చీముపట్టి, రేపో మాపో రావలసిన మనిషి ఆసుపత్రిలోనే ఉండిపోయింది. బయట చెట్లన్నీ విరగబూశాయి. ఆ రోజుల్లో పెట్టెలో ఈగలు కిక్కిరిసిపోతే, కొత్త రాణిని పెంచడానికి వేరుశనక్కాయ ఆకారంలో గదులు కడతాయి. ఆ గదులకు మూత పడగానే పాత రాణి సగం ఈగల్ని వెంటబెట్టుకుని ఎగిరిపోతుంది. పిన్ని భయమంతా దాని గురించే.

“ఏవండీ, ఆ మెత్త పెట్టెలో రాణి గదులు కట్టాయేమో చూసి కోసెయ్యండి. నేనొచ్చేదాకా దాన్ని ఎగిరిపోనివ్వకండి, చాలు. తర్వాత నేను చూసుకుంటాను” అంది మంచం మీంచి.

“నువ్వు నిశ్చింతగా పడుకో. కాపలా కాసే పని తాళాలవాడికి నేర్పుతావా?” అన్నాడు బాబాయి.

మర్నాడు పెట్టె తెరిచాడు. నేను అప్పట్లో వాళ్ళింట్లోనే ఉండి ఉద్యోగానికి వెళ్ళేదాన్ని. ఈగలు నెమ్మదించడానికి వాడే పొగడబ్బా నా చేతికిచ్చి, తేనెపట్టు కట్టిన చట్రాలు ఒక్కొక్కటే పైకి లాగి, కనబడిన గదినల్లా చాకుతో కోసేశాడు. ఈగలు గుత్తులుగా పట్టుకున్నచోట దులిపి చూడాలట. ఆయన దులపలేదు. ఈగల చాటున ఏ మూలో ఒక గది మిగిలిపోయింది. ఈ సంగతి మాకు తరువాత తెలిసింది.

కొన్నాళ్ళకు వీధి చివర బేకరీ బోర్డుకు ఈగల గుంపొకటి వేలాడింది. మా వీధిలో ఒక ప్లంబరున్నాడు. సరదాకి తేనెటీగల్ని పెంచుతూ, ఇలా వాలిన గుంపుల్ని పట్టుకుపోతుంటాడు. బాబాయికీ ఆయనకూ పడదు. అయినా పాపం, అట్టపెట్టె చంకన పెట్టుకుని దుకాణం గుమ్మంలోకి వచ్చాడు.

“అన్నా, బేకరీ దగ్గర గుంపు వాలింది. మీదేమో, ఓసారొచ్చి చూడు.”

“మావి కావు. గదులన్నీ నా చేత్తో నేనే కోశాను. మావెలా ఎగురుతాయి?”

“రెండడుగులే కదన్నా, చూసి వచ్చేద్దువుగాని.”

“కావంటే కావు. పని చేసుకోనిస్తావా, లేదా?” బాబాయి తలెత్తనైనా లేదు.

వారం పోయాక మళ్ళీ పెట్టె తెరిస్తే ఇంకా కొన్ని గదులు కనిపించాయి. ఆయనకు రోషం వచ్చింది. ఈసారి ప్రతి చట్రాన్నీ దులిపి, మూలమూలా వెతికి, ఒక్కటి మిగలకుండా కోసేశాడు. “ఈగలు పల్చబడినట్టున్నాయి బాబాయ్” అన్నాను. “మేతకు పోయి ఉంటాయిలే” అన్నాడు. పిన్నికి ఫోను చేసి, పని పూర్తయిందని గర్వంగా చెప్పాడు కూడా.

పిన్ని ఇంటికి వచ్చిన రోజే, వద్దంటున్నా వినకుండా, పొట్ట పట్టుకుని మేడెక్కింది. మూత తీయగానే లోపలినుంచి మూలుగులాంటి చప్పుడు వచ్చింది. చట్రాలన్నీ తిప్పి చూసింది. గుడ్డు లేదు, పిల్లపురుగు లేదు, రాణి లేదు.

“ఈమధ్య ఎక్కడైనా గుంపు వాలిందా?” అని అడిగింది.

బాబాయి గబగబా మెట్లు దిగి ప్లంబరు ఇంటికి పరిగెత్తాడు. వెనకే నేనూ వెళ్ళాను. కాళ్ళు పట్టుకునైనా రాణిని తెచ్చుకుందామనే వెళ్ళాడాయన.

“అది ముసలి రాణి అన్నా. తీసేసి కొత్తదాన్ని పెట్టుకున్నాను” అన్నాడు ప్లంబరు.

“తీసేసి అంటే?”

“నలిపేశాను. అందరం చేసేదే కదా. వీపు మీద ఎర్ర చుక్క చూసి, ఎవరిదో పెంపుడుదేనని ఒక పూట ఆగాను కూడా. నావి కాక చుట్టుపక్కల ఈగలున్నది మీ ఇంట్లోనే. నువ్వేమో మీవి కావన్నావు.”

ప్లంబర్ని అనడానికి ఏముంది? బాబాయి వెనుదిరిగాడు. దారిలో నాకు బాబాయి మీద ఒళ్ళు మండిపోయింది. మొహం చూస్తే మాత్రం ఒక్క మాటా అనలేకపోయాను. ఎక్కడికో ఎగిరిపోయిందని చెప్పి తప్పించుకోవచ్చు, పిన్ని నమ్మేది. ఆయన తప్పించుకోలేదు. మేడ మీద పెట్టె పక్కన కూలబడి, ఎర్ర చుక్కతో సహా అంతా చెప్పాడు.

పిన్ని పెట్టె మూత మూసింది.

“కోసిన గదులేం చేశారు?”

“చెత్తబుట్టలో పారేశాను.”

“అవన్నీ దాని కూతుళ్ళే. ఒక్కదాన్ని వదిలినా సరిపోయేది.”

వేరే రాణిని తెచ్చిపెడితే పెట్టె బతుకుతుంది. ఆ సంతతి మాత్రం ఇక రాదు. అది ఇద్దరికీ తెలుసు.

“తిట్టవే, నోరారా తిట్టు” అన్నాడు బాబాయి.

“మిమ్మల్నెందుకు తిట్టడం? కోయమన్నది నేనే. కోసేముందు గుడ్లున్నాయో లేదో చూడాలని చెప్పలేదు. గుడ్లు లేకపోతే రాణి అప్పటికే వెళ్ళిపోయినట్టు. ఇన్నేళ్ళు నా పక్కనే ఉన్నారు కదా, ఆమాత్రం మీకు తెలుసనుకున్నాను.”

బాబాయి ఏడవడం నేను చూసింది అప్పుడే.