ఇబాన్‌రి చెవి

షిల్లాంగ్‌లో గిటారు పట్టనివాడు లేడు, చెవి ఉన్నవాడే తక్కువ. ఇబాన్‌రికి చెవి ఉంది. శనివారం పెళ్ళిళ్ళలో రాక్, ఆదివారం చర్చిలో కీర్తన వాయిస్తుంది. పాత ఆంప్లిఫయరు కీర్తన మధ్యలో గుర్రుమంటోందని, "ఇంకోసారి అరిస్తే గిటారే వద్దమ్మా" అనేశారు సంఘపెద్దలు. అందుకే కొత్తది కొనడానికి వాయిద్యాల కొట్లో కూర్చుని, బుగ్గనున్న వక్క అరిగేదాకా ఒక్కో ఆంప్లిఫయరు పెట్టెనూ పరీక్షిస్తోంది. ముందు కిటికీ అద్దాలు అదిరేలా రాక్, ఆ తర్వాత పూర్తిగా తగ్గించి కీర్తన.

"మళ్ళీ తగ్గించావేంటక్కా?" విసుక్కున్నాడు కొట్టు యజమాని డాన్‌బోక్.

"అరవడం మా ఆయనకీ వచ్చు తమ్ముడూ. మెల్లగా మాట్లాడ్డమే రాదు."

నాలుగో పెట్టె అద్దాలను అదరగొట్టింది, కీర్తననూ మెత్తగా పలికింది. రెండో చరణానికి డాన్‌బోక్ తనకు తెలియకుండానే గొంతు కలిపి కిందిస్వరం అందుకున్నాడు. పాట పూర్తయ్యేదాకా ఇబాన్‌రి ఆపలేదు.

"ఇది కట్టివ్వు. ఆదివారం నువ్వూ రా," అంది.